పసుపు టోర్డో: దక్షిణ అమెరికా పచ్చిక బయళ్ల బ్లాక్‌బర్డ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నా ఫోన్ తెర మీద చాన్నాళ్లుగా ఒక పిట్ట బొమ్మ ఉంది. తల, మెడ, పొట్ట పసుపు ముద్దలో ముంచి తీసినట్టు ఉంటాయి. వీపు, రెక్కలు, తోక కాటుక నలుపు. చూసినవాళ్లు ముందు "గిజిగాడా?" అంటారు, కాదంటే "అయితే వంగపండు పిట్ట" అంటారు. రెండూ కాదని చెప్పగానే ప్రశ్నలు మొదలవుతాయి. ఈ పిట్ట మీద నాకున్న ఇష్టం కొద్దీ వాటికి జవాబులన్నీ ఒక్కచోట రాసి పెడుతున్నాను.

ఇంతకీ దీని పేరేమిటి?

ఇంగ్లీషులో శాఫ్రన్ కౌల్డ్ బ్లాక్‌బర్డ్. కుంకుమపువ్వు రంగు ముసుగు వేసుకున్న బ్లాక్‌బర్డ్ అని అర్థం. ఆ రంగు విషయంలో నాకు ఒప్పుదల లేదు. అది కుంకుమపువ్వు రంగు కాదు, అప్పుడే గడపకు రాసిన తడి పసుపు. అర్జెంటీనాలో టోర్డో అమరిల్యో అంటారు, ఆ దేశపు యాసలో అది అమరీషో అని వినిపిస్తుంది. బ్రెజిల్‌లో వెస్తె అమరెలా, అంటే పసుపు బట్టలు కట్టుకున్నది. ఉరుగ్వేలో ద్రాగోన్ అని పిలుస్తారు. తెలుగులో దీనికి పేరు లేదు కాబట్టి నేను పసుపు టోర్డో అని పిలుస్తున్నాను. ఇక్కడా అదే వాడతాను.

శాస్త్రీయ నామం జాంతాప్సర్ ఫ్లేవస్. గ్రీకులో జాంతోస్ అంటే పసుపు, ప్సార్ అంటే గోరింక జాతి పిట్ట. లాటిన్‌లో ఫ్లేవస్ అన్నా పసుపే. ఒకే పేరులో రెండుసార్లు పసుపు రాసుకున్నారు. బొమ్మ చూస్తే ఆ రెండోసారి ఎందుకో అర్థమవుతుంది. ఈ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతే, తోబుట్టువులు లేవు.

ఒళ్లు సగం పసుపే కదా, బ్లాక్‌బర్డ్ అని ఎందుకన్నారు?

అది దాని కుటుంబం వల్ల వచ్చిన పేరు. ఇక్టెరిడే అనే ఈ కుటుంబంలో 100కి పైగా జాతులున్నాయి, అన్నీ అమెరికా ఖండాలవే. ఐరోపా నుంచి వలస వెళ్లినవాళ్లు అక్కడి నల్ల పిట్టలను చూసి, తమ ఊళ్లో వదిలి వచ్చిన బ్లాక్‌బర్డ్ పేరు పెట్టేశారు. ఐరోపా బ్లాక్‌బర్డ్‌కు, దక్షిణాది కొండల్లో ఉండే మన బ్లాక్‌బర్డ్‌కు దీనితో రక్తసంబంధం లేదు. అవి థ్రష్ కుటుంబానివి. పేరు కలిసింది గానీ వంశం కలవలేదు.

మరి మన గిజిగాడికి గానీ వంగపండు పిట్టకు గానీ ఇది చుట్టమా?

కాదు. అయితే వంగపండు పిట్ట అనుకున్నవాళ్లు బాధపడక్కర్లేదు. 1788లో దీనికి మొదట శాస్త్రీయ నామం పెట్టిన జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త గ్మెలిన్ కూడా ఓరియోలస్ ఫ్లేవస్ అని రాశాడు. ఓరియోలస్ అంటే వంగపండు పిట్టల ప్రజాతి. ఇప్పుడున్న ప్రజాతి పేరు 1901లో రిడ్గ్‌వే అనే అమెరికన్ శాస్త్రవేత్త ఇచ్చింది.

గిజిగాడితో పోలిక మాత్రం చూపుకు అందేదే. రెంటికీ పసుపు తల, రెండూ గుంపుగా గూళ్లు పెట్టేవే, నీటి దాపున కనబడేవే. కానీ గిజిగాడు నేతగాడు, దాని గూడు కొమ్మకు వేలాడే సొరకాయ బుర్ర. పసుపు టోర్డో గూడు పైకప్పు లేని చిన్న గిన్నె, అదీ నేలకు దగ్గరగా. ఈ ఒక్క తేడా దాని బతుకును ఎంత కష్టం చేసిందో కింద చెబుతాను.

మగ, ఆడ పక్షులను ఎలా గుర్తుపట్టాలి?

మగదాన్ని ఒకసారి చూస్తే మరిచిపోలేరు. ముక్కుకు, కంటికి మధ్య చిన్న నల్ల మచ్చ, రెక్క భుజం దగ్గర పసుపు పట్టీ, నడుము మీద ఇంకో పసుపు మచ్చ. కూర్చున్నప్పుడు ఈ నడుము మచ్చ దాగి ఉంటుంది, లేచి ఎగిరినప్పుడు ఒక్కసారిగా బయటపడుతుంది. ఆడదాని వీపు చారలున్న గోధుమ రంగు. కంటి మీద పసుపు కనుబొమ, కింద పసుపు పొట్ట. పొడవు సుమారు 20 సెంటీమీటర్లు, మన గోరింక కన్నా కాస్త చిన్నది. ముక్కు సన్నగా, మొనదేలి ఉంటుంది.

ఏ దేశాల్లో ఉంటుంది?

నాలుగు దేశాల్లో: ఈశాన్య అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్, దక్షిణ పరాగ్వే. మ్యాపులో ఇవన్నీ పక్కపక్కనే ఉన్నా, పిట్ట మాత్రం అంతటా పరుచుకుని లేదు. ఇక్కడొక గుంపు, అక్కడొక గుంపు. అర్జెంటీనాలో ఎంత్రె రియోస్, కొరియెంతెస్ రాష్ట్రాలు, ఉరుగ్వేలో తూర్పున రోచా ప్రాంతం, బ్రెజిల్‌లో రియో గ్రాండె దొ సూల్, సాంతా కతరీనా రాష్ట్రాల ఎత్తైన పచ్చిక బయళ్లు, పరాగ్వేలో ఇతాపువా. ఒకప్పుడు బ్యూనస్ ఐరిస్ రాష్ట్రంలోనూ బాగా ఉండేది. పంపాలు అనే అక్కడి గడ్డిమైదానాలు దాదాపు పూర్తిగా పొలాలైపోయాక అక్కడ అది కనబడటమే గగనమైంది.

దాని సహజ ఆవాసం గడ్డిమైదానమా, చిత్తడి నేలా?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. జవాబు: రెండూ కావాలి, రెండూ పక్కపక్కనే కావాలి.

రియో దె లా ప్లాతా నది చుట్టూ అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్ కలిసే చోట 7 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా గడ్డినేల ఉంది. అక్కడ చెట్లు తక్కువ. నేల మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది, దుప్పటి దులిపి పరిచినట్టు. ఆ మడతల్లో, మిట్టకూ మిట్టకూ మధ్య పల్లంలో, వాన నీరు చేరి సన్నని వాగు పారుతుంది, లేదా మడుగు నిలుస్తుంది. స్పానిష్‌లో ఇలాంటి చిత్తడిని బన్యాదో అంటారు, బ్రెజిల్ పోర్చుగీసులో బాన్యాదు. పల్లంలో తుంగ, రెల్లు, ముళ్ల మొక్కలు మనిషి నడుం ఎత్తున పెరుగుతాయి. మిట్ట మీద పశువులు మేసిన పొట్టి గడ్డి ఉంటుంది.

పసుపు టోర్డో గూడు పల్లంలోని దట్టమైన మొక్కల్లో పెడుతుంది. తిండి మాత్రం మిట్ట మీద, పొట్టి గడ్డిలో నడుస్తూ ఏరుకుంటుంది. కాబట్టి పల్లం పూడ్చినా దానికి ఇల్లు పోతుంది, మిట్ట దున్ని మరో పంట వేసినా కూడు పోతుంది. ఈ పిట్ట గురించి ఒక్క విషయమే గుర్తుపెట్టుకోగలిగితే ఇదే పెట్టుకోండి. దానికి పట్టిన కష్టాలన్నీ ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పిపోవడం దగ్గరే మొదలవుతాయి.

ఉత్త గడ్డే కదా అని తీసిపారేయవద్దు. దక్షిణ బ్రెజిల్ పచ్చిక బయళ్లలో ఒకే ఒక్క చదరపు మీటరు నేలలో 50కి పైగా మొక్క జాతులు లెక్కపెట్టిన చోట్లున్నాయి. ఒక చాప పరిచినంత జాగాలో!

గూడు ఏ మొక్కలో పెడుతుంది?

పల్లపు మొక్కల్లో నాకు బాగా నచ్చినది కారగ్వాతా. చూడగానే అనాస మొక్క అనుకుంటాం. కత్తుల్లాంటి పొడవాటి ఆకులు, అంచుల్లో రంపపు పళ్లు. కానీ ఇది కొత్తిమీర కుటుంబపు మొక్క! ఇందులో చిత్తడిని ఇష్టపడే ఒక జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఎరింజియమ్ పాండానిఫోలియమ్, అంటే మొగలి ఆకుల ఎరింజియమ్. మొగలి పొదలో చెయ్యి పెట్టిన ఎవరికైనా ఆ పేరు చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు.

ఆ ఆకుల మధ్య, నేలకు అడుగు, రెండడుగుల ఎత్తులో ఎండుగడ్డితో అల్లిన గిన్నె ఉంటుంది. లోపల మెత్తటి సన్న పోచలు. అందులో మూడు నుంచి ఐదు దాకా గుడ్లు, లేత రంగు మీద ముదురు చుక్కలు. పక్కన మూరెడు దూరంలో ఇంకో జంట గూడు, ఆ పక్కన ఇంకోటి. ఇలా కొన్ని జంటలు మొదలుకొని కొన్ని పదుల జంటల దాకా ఒకేచోట ఉంటాయి. కారగ్వాతా లేని చోట చిల్కా అనే పొదలో, రెల్లులో, ముళ్ల తిస్టిల్ మొక్కల్లో కూడా పెడతాయి. పొదిగే కాలం ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. భూగోళంలో అది దక్షిణపు సగం కాబట్టి మనకు చలి మొదలయ్యే ఆ నెలలు వాళ్లకు వసంతం.

గూళ్లు గుంపుగా, నేలకు అంత దగ్గరగా ఉండటంతో ఒక పాముకో నక్కకో దారి తెలిసిందంటే ఒక్క రాత్రిలో వాడంతా ఖాళీ అయిపోవచ్చు. చిమాంగో అనే అక్కడి డేగలాంటి పక్షి పగలు పైనుంచి చూసి పిల్లలను ఎత్తుకుపోతుంది. ఇవి ఎప్పుడూ ఉన్న ఆపదలే. గుంపులు పెద్దవిగా, చాలా చోట్ల ఉన్నన్నాళ్లూ ఒకచోటి నష్టం ఇంకోచోట పూడేది. ఇప్పుడు గుంపులే తగ్గిపోయాయి.

ఏం తింటుంది?

పురుగులు, గొంగళ్లు, మిడతలు, సాలీళ్లు, మట్టిలోని లార్వాలు. గోరింకలాగే ఇదీ గెంతదు, నడుస్తుంది. గుంపంతా ఒకే దిక్కుకు నడుస్తూ ముక్కుతో గడ్డి పాయలు తీసి చూసుకుంటుంది. అప్పుడే దున్నిన చేలోనూ దిగుతుంది.

ఫొటోల్లో దీని పక్కన తరచూ ఒక తెల్ల పిట్ట కనబడుతుంది. అదేమిటి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లది మంచి చూపు. ఆ తెల్ల పిట్ట పేరు మొంజితా, నలుపు తెలుపు మొంజితా. స్పానిష్‌లో మొంజితా అంటే చిన్న సన్యాసిని. మగది మంచులా తెల్లగా ఉంటుంది, రెక్కలు, తోక మాత్రం నలుపు. ఇది ఈగలు పట్టే పిట్టల జాతిది, టోర్డోకు బంధువు కాదు. అయినా ఈ రెండూ కలిసి తిరుగుతాయి.

ఒక ఉదయం ఎలా గడుస్తుందో చూడండి. కంచె రాట మీద మొంజితా కూర్చుని ఉంటుంది, మెడ నిక్కించి, కదలకుండా. దాని కింద గడ్డిలో పది, పదిహేను పసుపు తలలు వంగి పురుగులు ఏరుకుంటుంటాయి. వంగిన పిట్టకు గడ్డి తప్ప ఏమీ కనబడదు. రాట మీదున్న దానికి నాలుగు వైపులా కనబడుతుంది. మొంజితా చటుక్కున కిందికి దూకి ఒక మిడతను పట్టుకుని, లేచి, నాలుగు రాటల అవతల వాలుతుంది. కాసేపటికి పసుపు గుంపూ లేచి, తక్కువ ఎత్తున ఎగిరి, ఆ రాట కిందికే చేరుతుంది. డేగ నీడ పడి మొంజితా ఉలిక్కిపడితే అన్నీ ఒకేసారి లేస్తాయి.

పరిశోధకులు గమనించింది కూడా ఇదే. టోర్డోలు మొంజితాను అనుసరిస్తాయి, దాన్ని కావలిగా వాడుకుంటాయి. మన పల్లెల్లో పసులపోలిగాడు చేసే పని గుర్తొస్తుంది. అదీ గేదె వీపు మీదో కరెంటు తీగ మీదో కూర్చుని, గద్ద కనబడగానే కేకేసి వెంటపడుతుంది. దాని చుట్టుపక్కల చిన్న పిట్టలు గూళ్లు పెట్టుకునేది ఆ ధైర్యంతోనే. అయితే మొంజితాకూ ఇప్పుడు కష్టకాలమే. అదీ అదే గడ్డిని నమ్ముకున్న పిట్ట, దాని సంఖ్యా తగ్గిపోతోంది. టోర్డోను కాపాడాలంటే దాని కావలివాడినీ కాపాడుకోవాలి.

కోయిల కాకి గూట్లో గుడ్డు పెట్టినట్టు దీని గూట్లో ఇంకో పిట్ట గుడ్డు పెడుతుందట, నిజమేనా?

నిజమే, అదీ సొంత కుటుంబంలోని పిట్టే. షైనీ కౌబర్డ్ అంటారు, మగది ఊదా మెరుపున్న నలుపు. ఇది 200కి పైగా జాతుల గూళ్లలో గుడ్లు పెట్టినట్టు నమోదైంది. గుడ్డు పెట్టి ఊరుకోదు, ఉన్న గుడ్లను ముక్కుతో పొడిచి చిల్లు చేస్తుంది. పసుపు టోర్డో గూళ్లలో దీని బెడద చాలా ఎక్కువ. పైకప్పు లేని గిన్నె గూడు, ఒకేచోట బోలెడు గూళ్లు. వెతుక్కోవలసిన పనే లేదు.

1833లో ఉరుగ్వే తీరంలోని మాల్దొనాదోలో బస చేసినప్పుడు చార్లెస్ డార్విన్ ఈ కౌబర్డ్‌లను చూశాడు. ఆవుల మీద, గుర్రాల మీద కూర్చుంటాయని, ఇతర పిట్టల గూళ్లలో గుడ్లు పెడతాయని రాశాడు. అంటే ఇది నిన్న మొన్న వచ్చిన బెడద కాదు. కానీ అడవి అంచులు, పొలాలు, కంచెలు, పశువుల దొడ్లు పెరిగిన కొద్దీ కౌబర్డ్‌కు కలిసొచ్చింది, టోర్డోకు జాగా తగ్గింది. బలం మారిపోయింది.

చెట్లు నాటితే పక్షులకు మంచిదే కదా! అక్కడ అడవులు పెంచుతుంటే ఈ పిట్ట ఎందుకు తగ్గుతోంది?

ఈ ఒక్క ప్రశ్న కోసమే ఇదంతా రాయాలనిపించింది. మనకు చిన్నప్పటి నుంచి నేర్పింది చెట్టు మంచిదని. అడవి నరికిన చోట అడవి పెంచితే మంచిదే. కానీ గడ్డినేల అడవి పోగొట్టుకున్న నేల కాదు. వేల ఏళ్లుగా అది గడ్డినేలే. అక్కడ వరుసల్లో చెట్లు నాటడం అంటే ఆ పిట్ట ఇంటి మీద ఇంకో ఇల్లు కట్టడం.

పైగా అక్కడ నాటుతున్నది స్థానిక వృక్షాలు కావు. ఆస్ట్రేలియా జామాయిల్, ఉత్తర అమెరికా పైన్, రెండూ కాగితం గుజ్జు కోసం, కలప కోసం. ఉరుగ్వేలో 1987లో అటవీ చట్టం తెచ్చి, తోటలు వేసేవాళ్లకు పన్ను రాయితీలిచ్చారు. ఇప్పుడక్కడ సుమారు 10 లక్షల హెక్టార్లలో అలాంటి తోటలున్నాయి. దేశం మొత్తం విస్తీర్ణం ఒక కోటీ డెబ్బై లక్షల హెక్టార్లకు కొంచెం ఎక్కువ. బ్రెజిల్ కొండల మీది పచ్చికలోనూ, కొరియెంతెస్‌లోనూ పైన్ తోటలు ఇలాగే వచ్చాయి. జామాయిల్ తోట కింద నడిచినవాళ్లకు తెలుసు, అక్కడ గడ్డి ఎలా ఉంటుందో. నీడ, రాలిన ఆకు, పొడి నేల. పక్క పల్లంలోని మడుగు కూడా ఏడాదికేడాది సన్నబడుతుంది, చెట్లు నీరు లాగేస్తాయి కాబట్టి. మిట్టా పోయింది, పల్లమూ పోయింది.

లెక్కల్లో మాత్రం అది "పచ్చదనం పెరిగింది" అని రాసుకుంటారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

తోటలు కాక ఇంకేం కారణాలున్నాయి?

సోయా ఒకటి. అర్జెంటీనాలో 1996లో జన్యుమార్పిడి సోయాకు అనుమతి వచ్చాక పశువుల బయళ్లు వేగంగా సోయా పొలాలయ్యాయి. ఎంత్రె రియోస్ అందుకు పెద్ద ఉదాహరణ. ఉరుగ్వే తూర్పున, బ్రెజిల్ దక్షిణాన వరి కోసం చిత్తడి నేలల్లో కాలువలు తవ్వి నీరు తోడేశారు. పురుగు మందులు తిండినే చంపుతాయి. చలికాలం చివర కొత్త గడ్డి కోసం బయళ్లకు నిప్పు పెట్టే అలవాటు పాతదే గానీ, అది ఆలస్యమై వసంతంలోకి జరిగితే గూళ్లు కాలిపోతాయి. రంగు చూసి ముచ్చటపడి పంజరాల కోసం పట్టేవాళ్లు ఒకప్పుడు చాలామంది. చాటుమాటుగా ఇంకా ఉన్నారు.

పశువులు మేస్తే గూళ్లు తొక్కేయవా? మేత ఆపించాలా?

ఆపించకూడదు. అక్కడికి పశువులు వచ్చి నాలుగు వందల ఏళ్లు దాటింది. 1611లోనూ 1617లోనూ ఎర్నందారియాస్ అనే గవర్నరు ఉరుగ్వే బయళ్లలో ఆవులను వదిలించాడు. అవి అడవి మందలై పెరిగాయి, వాటి వెనకే గౌచోలనే పశువుల కాపరులు, గుర్రాలు, ఆ దేశాల బతుకే అల్లుకుంది. ఇప్పుడు గడ్డిని పొట్టిగా ఉంచుతున్నది ఆ పశువులే. పొట్టి గడ్డి లేకపోతే టోర్డో పురుగులు ఏరుకోలేదు.

అతిగా మేపితే, అదీ పొదిగే మూడు నెలల్లో పల్లంలోకి మందను వదిలితే నష్టమే. అందుకు మందు చిన్నదే: వాగు పక్కన గూళ్లున్న తావు చుట్టూ రెండు తీగల కంచె, డిసెంబరు దాటేదాకా. పశువులు అమ్ముకుని బతికే రైతుకు బయలుతో లాభం ఉన్నన్నాళ్లూ పిట్టకూ చోటుంటుంది. అదే రైతు అప్పుల్లో పడి నేలను తోటల కంపెనీకో సోయా కౌలుకో ఇచ్చిన రోజు అన్నీ అయిపోతాయి. అందుకే నేను పశువుల రైతు పక్షం.

దీన్ని కాపాడటానికి ఎవరైనా పనిచేస్తున్నారా?

చేస్తున్నారు. ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఇది ప్రపంచవ్యాప్తంగా అంతరించే ముప్పున్న జాతి. సరిహద్దులు దాటి తిరిగే గడ్డి పక్షుల కోసం 2007లో వలస జీవుల ఒడంబడిక కింద దక్షిణ అమెరికా దేశాలు చేసుకున్న అవగాహన ఒప్పందంలో దీని పేరుంది. అంతకు ముందే నాలుగు దేశాల పక్షి సంఘాలు, ఆవెస్ అర్జెంతీనాస్, ఆవెస్ ఉరుగ్వాయ్, సేవ్ బ్రజిల్, గీరా పరాగ్వాయ్, కలిసి అలియాన్సా దెల్ పస్తిసాల్ అనే కూటమి పెట్టుకున్నాయి. పస్తిసాల్ అంటే పచ్చిక బయలు. సహజమైన గడ్డిని దున్నకుండా ఉంచి పశువులు పెంచే రైతుల మాంసానికి ప్రత్యేక ముద్ర వేసి, మంచి ధర రాబట్టడం వాళ్ల పద్ధతి. కాగితం మీది నిషేధాలకన్నా ఇది ఎక్కువ దూరం పోతుందని నా నమ్మకం.

అర్జెంటీనాలో పసుపు టోర్డో కోసమే ఒక ప్రాజెక్టు నడుస్తోంది. పొదిగే రోజుల్లో గూళ్ల దగ్గర కావలి ఉండే మనుషులున్నారు. తెల్లవారకముందే బైనాక్యులర్‌తో కూర్చుని ఏ గూట్లో ఎన్ని గుడ్లు, ఏ పిల్ల ఎగిరింది, ఏది పోయింది అని రాసుకుంటారు. కంచె వేయడానికి, మందను నాలుగు వారాలు ఆపడానికి రైతుతో మాట్లాడేదీ వాళ్లే.

పంజరంలో పెంచుకోవచ్చా? ఇండియాలో దొరుకుతుందా?

వద్దు. వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో ఇది మొదటి అనుబంధంలో ఉంది, అంటే అడవిలో పట్టిన పిట్టను దేశాల మధ్య అమ్మడం, కొనడం నిషిద్ధం. మన వన్యప్రాణి రక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో సైటిస్ జీవులు ఆ చట్టం కిందికీ వచ్చాయి. ఎవరైనా అమ్ముతామంటే అది దొంగ సరుకో, వేరే పిట్టకు ఈ పేరు పెట్టిందో అయి ఉంటుంది.

మన దగ్గర ఇలాంటి కథ ఏదైనా ఉందా?

ఉంది. రోళ్లపాడు బట్టమేక పిట్ట. కర్నూలు వైపు గడ్డిబీళ్లలో ఆ పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. రెవెన్యూ రికార్డుల్లో అలాంటి నేలకు మనం రాసుకునే మాట బంజరు. బంజరు అనగానే దాన్ని "ఉపయోగంలోకి" తేవాలనిపిస్తుంది, పంటో తోటో ఇంకేదో. ఇప్పుడక్కడ బట్టమేక జాడ దాదాపు లేదు. పంపాల గురించి చదువుతుంటే నాకు పదే పదే గుర్తొచ్చేది ఆ బీడే.

దక్షిణ అమెరికాలో ఇంకా ఏ బ్లాక్‌బర్డ్‌లున్నాయి? దేనితో పొరబడతాం?

చాలా ఉన్నాయి. చోపీ బ్లాక్‌బర్డ్ నిలువెల్లా నలుపు, గొప్ప పాటగాడు, పాట కోసమే బ్రెజిల్‌లో దాన్ని పంజరాల్లో పెడతారు. స్కార్లెట్ హెడెడ్ బ్లాక్‌బర్డ్ నల్లటి ఒంటి మీద నిప్పు రంగు తల, తొడల దగ్గరా అదే ఎరుపు, రెల్లు మడుగుల్లో ఉంటుంది. ఎల్లో వింగ్డ్ బ్లాక్‌బర్డ్ భుజం మీద మాత్రమే పసుపు. పొరబడేది ఎక్కువగా ఎల్లో హుడెడ్ బ్లాక్‌బర్డ్‌తో. దానికి తల, మెడ మాత్రమే పసుపు, పొట్ట నలుపు. అది ఖండానికి ఉత్తరాన, వెనిజులా, కొలంబియాల వైపు చిత్తడుల్లో ఉంటుంది. పొట్ట చూడండి, తేలిపోతుంది.

బాగా పాడుతుందా?

చోపీ అంత కాదు. చిన్న పిలుపులు, కాస్త గరుకైన కిచకిచ. పక్షుల కూతలు దాచిపెట్టే జెనో కాంటో అనే వెబ్‌సైటులో రికార్డింగులున్నాయి, వినొచ్చు.

అక్కడికి వెళ్తే ఎక్కడ, ఎప్పుడు చూడాలి?

ఉరుగ్వేలో రోచా, బ్రెజిల్‌లో సావ్ జొజె దొస్ అవుజెంతెస్ చుట్టుపక్కల ఎత్తు పచ్చికలు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు గూళ్ల కాలం. మిగతా నెలల్లో గుంపులు తిరుగుతూ ఉంటాయి, ఒకచోట నిలవవు. భూములు చాలావరకు సొంతదారులవి, కాబట్టి గేటు దగ్గర ఆగి అడగండి. గూళ్లున్న పల్లం కనబడితే దిగవద్దు. మనిషి తొక్కిన గడ్డి బాట వెంటే రాత్రికి నక్క వస్తుంది. ఫొటో కోసం రికార్డింగు వినిపించి పిలవవద్దు.

మట్టి రోడ్డు పక్కన బండి ఆపి, అద్దం దించి, ముందు కంచె రాటల మీద తెల్ల పిట్ట కోసం చూడండి. మొంజితా కనబడితే బైనాక్యులర్‌ను మెల్లగా కిందికి, గడ్డిలోకి దించండి.